అందరికీ గది కట్టిన స్కేలుగారు

ఇరవై ఏళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీస్తున్న మనిషికి కంప్యూటర్లో లినక్స్ అనే కొత్త సిస్టమ్ ఎక్కించడం ఒక లెక్కా? వీధంతా స్కేలుగారని పిలుచుకునే ఆయన ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ అదే మాట భార్యతో అన్నారు.

"డిస్కంటే ఖాళీ స్థలమే. గోడలు సరిగ్గా కడితే చాలు. సిస్టమ్‌కో గది, మన ఫైళ్ళకి వేరే గదులు. రేపు సిస్టమ్ పాడైనా దాని గదొక్కటే తుడిచి మళ్ళీ ఎక్కించుకోవచ్చు."

"నాలుగింటికి మేస్త్రీ వస్తాడు. ఆ మేడ ప్లాన్ చేతిలో పెట్టకపోతే పని ఇంకొకరికి పోతుంది, గుర్తుందా?" అంది లెక్కల టీచరైన భార్య.

"ప్లాన్ ఎప్పుడో అయిపోయింది. ప్రింటు తీయడమే తరవాయి."

ఫైళ్ళన్నీ బయటి డిస్కులోకి ఎత్తి, కంప్యూటర్లో వాటాలు గీయడం మొదలుపెట్టారు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఇల్లు కట్టుకునేవాళ్ళు ఏది అడిగినా కాదనలేకపోవడం ఆయనకు వృత్తి అంటించిన జబ్బు. భార్య ప్రశ్నపత్రాలకు గది అడిగింది, ఇచ్చారు. "నా ఫొటోలకి సగం డిస్కన్నా కావాలి బావా" అన్నాడు ఫొటోగ్రాఫర్ బావమరిది. అదీ ఇచ్చారు. పాత పాటలు పోగుచేసుకునే అత్తగారు కూడా వచ్చి నిలబడ్డారు.

"నా గది మావాడి పక్కన వద్దు బాబూ. వాడు మెల్లగా నా పాటల మీదికి వచ్చేస్తాడు."

"మధ్యలో ఖాళీ వదుల్తాను అత్తయ్యగారూ" అని, నిజంగానే వదిలారు.

చివరికి సిస్టమ్‌కు మిగిలింది సామాన్ల కొట్టంత చోటు. ఆయనకు అదీ లేదు. "నాదేముంది, సిస్టమ్ గదిలోనే ఓ మూల సర్దుకుంటా" అని మేడ ప్లాన్ అక్కడే పెట్టేశారు. లినక్స్ ఎక్కి, ఎవరి ఫైళ్ళు వాళ్ళ గదుల్లోకి చేరాక, బయటి డిస్కు బావమరిది అడిగితే శుభ్రంగా తుడిచి ఇచ్చేశారు.

రెండింటికి ప్రింటరు సాఫ్ట్‌వేర్ దించబోతే, చోటు చాలదని సిస్టమ్ మొండికేసింది. స్కేలుగారు బెదరలేదు. బావమరిది వాటాలోంచి కాస్త కోసి సిస్టమ్‌కు కలిపి, ఆ గది మొత్తం తుడిచి, మళ్ళీ ఎక్కించారు. ప్రశ్నపత్రాలు, ఫొటోలు, పాటలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"చూశారా! ఒక్క ఫైలు పోలేదు" అని అందరినీ పిలిచి చూపించారు.

"మరి మీ ప్లానేదండీ?" అంది భార్య.

సిస్టమ్ గదితోపాటే ప్లానూ తుడిచిపెట్టుకుపోయింది. గడియారం మూడు కొట్టింది. కాగితం, పెన్సిలు లాక్కుని చెమటలు కక్కుతూ గుర్తున్నంత మేర గీశారు. మేడమెట్లు మరిచిపోయిన సంగతి చివర్లో తట్టింది. లోపల చోటెక్కడుంది? వాటిని ఇంటి బయటికి నెట్టారు.

మేస్త్రీ నాలుగింటికే వచ్చి కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బతికించారు సార్! మొన్న మీరు చూపించినదాంట్లో మెట్లు పడకగదిలోంచి వెళ్తున్నాయని ఇంటాయన ఒకటే గొడవ. పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. ఇందులో బయట పెట్టేశారే!"

"అందుకేగా పాతది తుడిచేసింది" అన్నారు స్కేలుగారు, తడుముకోకుండా.

ఆ సాయంత్రమే భార్య తన వాటాలోంచి కాస్త కోసి ఆయనకొక గది కట్టి, అదీ ఎవరికో ఇచ్చేయకుండా పాస్‌వర్డ్ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.