పడవ ఉన్న ఊరికి కరువు లేదు

నీటి మీద నివసించడం మానవుడి జన్మహక్కు. ఈ సత్యాన్ని నేను అనంతపురం జిల్లాలో, మా బోరు ఎండిపోయిన వేసవిలో కనిపెట్టాను. (గొప్ప సత్యాలు అనుకూలమైన చోట బయటపడిన దాఖలాలు తక్కువ.)

కనిపెట్టడానికి సాయపడింది ఫోను. ఉద్యోగ విరమణ చేసిన జువాలజీ లెక్చరరుకి ఫోను తప్ప మాట వినేవాళ్లు ఉండరు. అందులో కెనడా దేశపు దంపతులు పడవలో కాపురం చేస్తుంటారు. వెంట ఒక కుక్క, ఒక పిల్లి. ఆ దేశంలో కాలువలు మన బస్సు రూట్లలాగా ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయట. ఎత్తు ప్రదేశం వస్తే ముందూ వెనకా తలుపులు మూసి, మధ్యలో నీళ్లు నింపి, పడవను మెట్టు ఎక్కించినట్టు పైకి ఎక్కిస్తారు. ఆ తలుపులు తీసే ప్రభుత్వోద్యోగి వచ్చి కుక్క తల నిమిరి, బాగున్నావా అని అడుగుతాడు. నేను జీవితమంతా ప్రభుత్వోద్యోగంలోనే గడిపాను. కుక్క సంగతి అటుంచి, మనుషుల్ని అలా అడిగినవాణ్ని చూడలేదు. నేనూ అడగలేదు.

"హేమా, మనమూ ఇట్లా పడవలో ఉందామా?" అన్నాను.

నా భార్య చింతపండు పిసుకుతూ తల ఎత్తకుండానే, "నీళ్లు యాడుండాయి?" అంది.

ఆడవాళ్లకు దూరదృష్టి తక్కువ అని అప్పుడు అనుకున్నాను. (ఇప్పుడు అనుకోవడం లేదు.)

ఆ ఏడు ఒక తుఫాను దారి తప్పి మా మీదికి వచ్చింది. మా ఊరు గుమ్మఘట్ట దాటాక, కర్ణాటక పొలిమేరను ఆనుకొని ఉంటుంది. మా చెరువు నిండి, అలుగు దాటి మరువ పారింది. పెద్దవాళ్లు గంగమ్మకు చీర పెట్టారు. చిన్నవాళ్లు ఫోటోలు దిగారు. నేను పడవ కొన్నాను.

కోస్తాలో ఒక విహార సంస్థ మూతపడి సామాను వేలం వేస్తుంటే దొరికింది. పైకప్పు, రెండు బల్లలు, ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడితే సరిపోయే వంటగది. లారీ మీద తీసుకొస్తుంటే దారిలో చెక్‌పోస్టు దగ్గర ఆపారు.

"పడవ యాడికి?"

"అనంతపురం జిల్లాకి."

ఆ పోలీసు ఇంకో ప్రశ్న వేయకుండా నా నోటి దగ్గర మిషను పెట్టి ఊదమన్నాడు.

ఏదేమైనా మేము పడవ ఎక్కాం. నేను, హేమ, షేరు అనే మా నాటు కుక్క, బిస్కెట్ అనే పిల్లి. షేరుకు నీళ్లంటే భయం. అందుకని అది పడవ ముందుభాగంలో నిలబడి చెరువును పగలంతా తిట్టేది. బిస్కెట్ మాత్రం చేపలున్న చోటుకి ఇన్నాళ్లూ తనను ఎందుకు తీసుకురాలేదన్నట్టు నావైపు చూసేది. హేమ పాత రంగు డబ్బాలో కరివేపాకు మొక్క పెట్టింది. పొద్దున్నే చెరువులో కాళ్లు వేలాడేసి కాఫీ తాగేది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె పాట పాడగలదని నాకు అప్పుడే తెలిసింది. మేము ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు దేశాటన చేశాం. కెనడాకూ మాకూ తేడా పొడవులోనే.

అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ నేను చట్టాన్ని గౌరవించే మనిషిని. పడవకు రిజిస్ట్రేషన్ చేయిద్దామని బయలుదేరాను.

మెట్ట ప్రాంత జలరవాణా విభాగం అని ఒకటి ఉందట. ఉన్నట్టు ఎవరికీ తెలియదు. నేను వెళ్లేదాకా ఆ విభాగానికీ తెలియదు. అక్కడి గుమాస్తా నా దరఖాస్తును చూసి ఎంతో సంతోషించాడు. ఆ తర్వాత కలం తీశాడు.

"కుక్క సిబ్బందా, ప్రయాణికుడా, సరుకా?"

ఆలోచించుకోవడానికి గడువు అడిగాను. ఈలోగా ఆయనే ఇంకో లోపం కనిపెట్టాడు. పడవకు హారన్ లేదు. కుక్క అరుస్తుంది కదా అన్నాను. దాంతో రెండు సమస్యలూ తీరాయి. షేరును 'ధ్వని హెచ్చరిక సిబ్బంది' అని రాసుకున్నాడు. హేమ ప్రయాణికురాలు. పిల్లి ఏ పనీ చేయదని నేను నిజాయితీగా ఒప్పుకోవడంవల్ల సరుకు అయింది. ఇంటికొచ్చి చెబితే హేమ, "మిమ్మల్ని ఏమని రాసుకున్నారు?" అంది. కెప్టెన్ అన్నాను. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఇక తనిఖీ మిగిలింది. పడవలను తనిఖీ చేసే అర్హతగల అధికారి కోస్తాలోనే ఉంటాడు. (నీళ్లు అక్కడే ఉంటాయి కనుక.) ఆయన మా వైపు రావడానికి ప్రయాణ అనుమతి కావాలి. ఆ అనుమతి నడిచి వచ్చింది. ఈలోపు వానలు ఒక ఏడు మొహం చాటేశాయి, మరుసటి ఏడూ చాటేశాయి. పడవ కొంచెం కొంచెంగా కిందికి దిగి, బురదలో కూర్చుని, చివరికి బీటలు వారిన నేల మీద కాస్త ఎడమకు ఒరిగి స్థిరపడింది. మేము నిచ్చెన వేసుకొని ఎక్కి దిగడం నేర్చుకున్నాం. దిగిపొమ్మని ఊళ్లో అందరూ చెప్పారు. తనిఖీ సమయంలో కెప్టెన్ పడవలో ఉండాలని నియమం. నేను కదల్లేదు. నేను కదలకపోతే హేమా కదల్లేదు.

తనిఖీ అధికారి గున్నేశ్వరరావుగారు నడి వేసవిలో, ఒంటి మీద లైఫ్ జాకెట్‌తో, చెరువు మధ్యలోకి నడిచి వచ్చారు.

"ఏవండీ, నీరెక్కడండీ?"

"మా దరఖాస్తు పరిశీలనలో ఉన్నప్పుడు ఇంకిపోయినాయి సార్."

ఆయన కాసేపు చెమట తుడుచుకున్నారు. "మా ప్రొఫార్మాలో నీటి గురించి కాలమ్ లేదండి. పడవ గురించే అడుగుద్దండి," అని పనిలోకి దిగారు.

అడుగున చెయ్యి పెట్టి చూశారు. చుక్క నీరు లోపలికి రావడం లేదు. మునిగే ప్రమాదం లేదు. ఢీకొనే అవకాశం లేదు. షేరును మొరిగించి చూసి, ధ్వని తృప్తికరం అని రాశారు. వెళ్తూ వెళ్తూ నా చేయి పట్టుకొని, "మా గోదారి జిల్లాల్లో కూడా ఇంత క్షేమమైన పడవ చూళ్లేదండి. జాగ్రత్తగా వాడుకోండి," అన్నారు. ఆయన కళ్లలో నిజంగానే గౌరవం ఉంది.

సర్టిఫికెట్ వచ్చింది. జిల్లా మెట్ట ప్రాంతంలో మొట్టమొదటి నివాస పడవ మాదే. నేను దానికి ఫ్రేము కట్టించాను. సన్మానం చేస్తారేమోనని తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను కూడా.

అప్పుడు కరువు మండలాల లెక్క మొదలైంది. వేరుశనగ ఊడలు దిగకుండానే మాడిపోయింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ కరువు జాబితాలో చేరాయి. మా ఊరు చేరలేదు. మా గ్రామ రెవెన్యూ అధికారి విజయభాస్కర్ ఫోను పట్టుకొని, మొహం చిన్నబుచ్చుకొని నిచ్చెన ఎక్కి వచ్చాడు.

"అన్నా, కరువు యాప్ మన ఊరిని తీసుకోలేదు. నేను నాలుగు దినాలుగా నొక్కుతానే ఉండా."

"ఏంటికి తీసుకోలేదు?"

అతను తెర చూపించాడు. 'గ్రామంలో జలరవాణా: ఉంది' అని పచ్చ అక్షరాల్లో కనిపించింది. పడవలు తిరిగే ఊళ్లో కరువు ఉండదని యాప్‌కు ఎవరో ముందే నేర్పారట. ఆ గడి పచ్చగా ఉంటే తర్వాతి పేజీ తెరుచుకోదు.

"తిరగని పడవ అని రాయప్పా," అన్నాను.

"అట్లాంటి గడి లేదన్నా. ఉండాది, లేదు. రెండే."

మర్నాడు అక్కమ్మ వచ్చింది. మా పక్క చేను కౌలుకు చేసుకునే మనిషి. ఎప్పుడూ గట్టు మీది నుంచే కేకేసి మాట్లాడేది, ఆ రోజు నిచ్చెన ఎక్కి బల్ల మీద కూర్చుంది.

"విష్ణన్నా, నీ పడవ ఉండేదాని వల్ల మాకు కరువు రాకుండా పోయినాదంట. నిజమేనా?"

"కరువు వచ్చింది కదక్కా. చుట్టూ చూడు," అన్నాను తెలివిగా.

"వచ్చినాదని నాకు తెలుసు. వాళ్లకు తెలీదు కదా." కొంగుతో మొహం తుడుచుకుంది. "పోనీలే. కొట్లాడను రాలేదు. ఈసారి సర్కారు విత్తనాలు రావు, దుడ్లూ రావు. నేనూ మా ఆయన పుల్లన్నా బెంగుళూరు పోతాండాం, బిల్డింగు పనికి. నీ పడవలో నోరు లేని జీవాలను పెట్టుకుంటావంట కదా? నా పెయ్యదూడల్ని కూడా పెట్టుకో. మా ముసలి కుక్కను కూడా. అమ్మను మనసు రాలేదన్నా. నా చేతి మీద పెరిగినాయి."

హేమ టీ పెడతానని వంటగదిలోకి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. ఆ వంటగదిలో అంతసేపు నిలబడటం ఎవరికీ సాధ్యం కాదు.

నేను విజయభాస్కర్‌ను వెంటబెట్టుకొని అనంతపురం బస్సెక్కాను. జిల్లా ఆఫీసులో ఆ పని చూసే అధికారి ఆశ్రిత. చిన్న వయసు, పెద్ద ఓపిక. అంతా విని, "పడవ రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోండి సార్. వెంటనే పేజీ తెరుచుకుంటుంది," అంది.

"రద్దు చేయండి మరి."

"కారణం ఉండాలి సార్. మునిగిపోయిందా, కాలిపోయిందా, ముక్కలైందా?"

"చెరువు ఎండిపోయింది."

"ఎండిపోవడం అనే కారణం పంటలకు ఉంది సార్, పడవలకు లేదు. కానీ మీ ఊరికి పంటల పేజీ తెరుచుకోదు."

పడవను ఇల్లుగా మార్చి రాయమన్నాను. చెరువులో ఇల్లు కడితే ఆక్రమణ కేసు పెట్టాలంది. పోనీ ముంచుదామంటే నీళ్లు లేవు. ట్యాంకర్లు తెప్పిద్దామని విజయభాస్కర్ ఉత్సాహంగా అన్నాడు.

"ట్యాంకర్లు కరువు ఊళ్లకే వస్తాయి," అంది ఆశ్రిత. చెప్పేటప్పుడు ఆ అమ్మాయి మా మొహాలు చూడలేదు. బల్ల మీద పేపరు వెయిట్‌ను ఇటునుంచి అటు జరిపింది.

కాల్చడం కుదరదు. చెరువులో ఎండు తుంగ ఉంది, ఊరు అంటుకుంటుంది. ఇక మిగిలింది ముక్కలు.

ఇక్కడ నా త్యాగనిరతిని గురించి రాయాలని ఉంది. రాయడానికి ఏమీ లేదు. నేను తిరిగొచ్చి ఏకసభ్య సంఘం ఒకటి వేసుకొని, విషయాన్ని దాని పరిశీలనకు పంపాను. సంఘం సభ్యుడు రోజూ పడవలో పడుకొని కెనడా వీడియోలు చూస్తూ, లోతుగా పరిశీలించాలని గడువు పొడిగించుకుంటూ పోయాడు. ఈలోపు అక్కమ్మ దూడలు వచ్చాయి. వాటిని పడవ లంగరుకే కట్టేశాం. ముసలి కుక్క నిచ్చెన ఎక్కలేక కిందే ఉండిపోయి, ఆమె వెళ్లిన దారి వైపే చూస్తూ కూర్చుంది. ఆమె ఇంకా బయలుదేరలేదు. మూటలు కట్టుకుంటోంది. అయినా కుక్కకు అర్థమైనట్టుంది. అది అన్నం ముట్టలేదు.

ఆ మధ్యాహ్నం హేమ దాని అన్నం గిన్నె పైకి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఈ పడవంటే మీకన్నా నాకే జాస్తి ఇష్టం," అంది. "నా బతుకులో నేను సుఖంగా కూర్చున్నది ఈడనే. అది నేను చెప్పల్య, మీరు అడగల్య. ఇప్పుడు చెప్తాండా. పగలగొడదాం."

"ఇంకొన్ని దినాలు చూస్తే వాన..."

"వానొస్తే అక్కమ్మ యాడుంటుంది?"

సంఘం రద్దయింది.

పగలగొట్టే రోజు ఊరంతా గడ్డపారలతో వచ్చారు. వచ్చి నిలబడ్డారు. ముందు దెబ్బ వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. పుల్లన్న గడ్డపార ఎత్తి, మళ్లీ దించి, "నువ్వే మొదలుపెట్టన్నా" అన్నాడు. నేను సుత్తి పట్టుకున్నాను కానీ ఎక్కడ కొట్టాలో తెలియనట్టు చుట్టూ తిరిగాను. హేమ నా చేతిలోంచి సుత్తి తీసుకొని, తాను కాళ్లు వేలాడేసి కూర్చునే పలక మీదే మొదటి దెబ్బ వేసింది. తర్వాత అందరూ గడ్డపారలు ఎత్తారు. మంచి కర్ర. చాలాసేపు పట్టింది.

విజయభాస్కర్ ఫోటోలు ఎక్కించాడు. యాప్ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. సిబ్బందిని విధుల నుంచి తప్పించినట్టు సంతకం అడిగింది. తొండను తరుముతున్న షేరును పట్టుకొచ్చి, పాదానికి సిరా పూసి ముద్ర వేయించాం. విచారణ లేకుండా ఉద్యోగం పోగొట్టుకున్నవాడు మా జిల్లాలో వాడొక్కడే. వాడికి పెద్దగా బాధ ఉన్నట్టు లేదు. తర్వాత సరుకు ఏమైందని అడిగింది. సరుకు అప్పటికి గోడ మీద పడుకొని ఉంది.

చివరికి పచ్చ గడి ఎర్రగా మారింది. పేజీ తెరుచుకుంది. విజయభాస్కర్ నిలబడి చెమట చేతులతోనే ఊరి వివరాలన్నీ నింపాడు.

జాబితా వచ్చిన రోజు మా వీధిలో టపాకాయలు కాల్చారు. నేను ఏదో పెళ్లి అనుకొని బయటికి వచ్చాను. అక్కమ్మ బెంగుళూరు మూటలు విప్పేసి, మైసూరుపాకు పొట్లంతో ఎదురొచ్చింది. వెనకే పుల్లన్న మా వాకిట్లో కట్టేసిన దూడల్ని విప్పుకుంటున్నాడు. ముసలి కుక్క అతని కాళ్లకు అడ్డం పడుతోంది.

"కరువొచ్చినాదన్నా!" అంది అక్కమ్మ, కళ్లనిండా నీళ్లతో, నవ్వుతూ. "మన ఊరికీ వచ్చినాది. నోరు తీపి చేసుకో."

నేను మైసూరుపాకు నోట్లో వేసుకొని, ఆమెకు శుభాకాంక్షలు చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను.