భూపతి గారి రైఫిల్లో పట్టే తూటా

బంగళా దొర నరేంద్ర భూపతి గారి తాతల నాటి చిన్న రైఫిల్లో పట్టే తూటా ఏదని వెతగ్గా వెతగ్గా, అది అదే ఊళ్లో కౌలు చేసుకునే బెవర గురువులు అని తేలింది.

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పజెప్పడం రివాజు. అప్పజెప్పేటప్పుడు అది ఏ సైజు తూటాదో రాయాలి. ఈ రైఫిలు మీద కంపెనీ ముద్ర అరిగిపోయింది. పాయింట్ టూ టూ వేస్తే లొడలొడలాడింది, పాయింట్ టూ ఫైవ్ వేస్తే గుమ్మంలోనే ఆగిపోయింది. చివరికి జిల్లా కేంద్రం నుంచి తుపాకులు బాగుచేసే దానియేలు గారొచ్చారు. తూటా కూర్చునే గదిలో కరిగించిన గంధకం పోసి, గట్టిపడ్డాక అచ్చు బయటికి తోశారు. చిటికెన వేలంత మనిషి వచ్చాడు. నడుం వంగి ఉంది, తువాలు చంకలో ఉంది, చెప్పులు చేతిలో ఉన్నాయి. బంగళా ముందు నుంచి నడిచే పద్ధతి అదే. మొహం చూసి గురువులేనని కానిస్టేబుళ్లు పోల్చారు.

"ఈ రకం తయారీ ఎప్పుడో ఆగిపోయిందని పుస్తకాల్లో ఉందండి," అన్నారు దానియేలు, అచ్చును మురిపెంగా తిప్పి చూస్తూ. "ఈ వైపు ఇంకా దొరుకుతోందన్నమాట."

ఎన్నికలప్పుడు తూటాలు ఊళ్లో విడిగా తిరగకూడదు. అందుకని మళ్లో ఉన్న గురువుల్ని ఉన్నపళంగా స్టేషనుకి పిలుచుకొచ్చారు. వెనకాలే బురద కాళ్లతో భార్య ఎర్నమ్మ కూడా వచ్చింది.

"నాను తూటానేటి బాబూ? నారు ముదిరిపోతంది. రేపు ఊడుపులు అవ్వకపోతే ఈ యేడు మాకు తిండి నేదు," అన్నాడు గురువులు.

ఎస్సై కామేశ్వరరావు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కనీసం తిట్టుకోడానికైనా ఉండేది. లైసెన్సుదారుడి తూటా లైసెన్సుదారుడి సొత్తని, తుపాకి తిరిగిచ్చినప్పుడు దాంతో పాటే దొరగారికి ఇచ్చేస్తారని ఆయన ఓపిగ్గా చెప్పాడు. తుపాకిలో పట్టకపోతే మాత్రం నిక్షేపంగా ఇంటికి పోవచ్చు.

"ఏం లేదయ్యా, నిటారుగా నిలబడు. నిటారుగా ఉన్నవాడు ఇందులో పట్టడు," అన్నాడు.

చెప్పినంత తేలికైన పని కాదు. గురువులు తాత చెయ్యలేదు, తండ్రి చెయ్యలేదు. ఎవరిని చూసి నేర్చుకుంటాడు పాపం!

"ఎత్తు మావా, తల ఎత్తు," అంటూ ఎర్నమ్మ అతని వీపు మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. ఎముకలు పటపటమన్నాయి. మెడ వణికింది. నెమ్మదిగా, గోడ పట్టుకుని, గురువులు లేచాడు. పెళ్లయిన ఇన్నేళ్లకి ఎర్నమ్మ మొగుడి మొహం చూడ్డానికి మొదటిసారి తలెత్తాల్సి వచ్చింది. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

దానియేలు రైఫిలు తెరిచి ప్రయత్నించారు. గురువులు కాలి బొటనవేలు కూడా దూరలేదు.

"పట్టడం లేదండి," అన్నారు, ఆయనకి కొంచెం చిన్నతనమైంది.

"అయితే సైజు తెలియదని రాసేస్తాను. నువ్వు పోయి నీ ఊడుపులు చూసుకో," అని ఎస్సై కలం తీశాడు.

సరిగ్గా అప్పుడే రసీదు కోసం దొరగారు లోపలికి వచ్చారు. ఆయన గురువుల్ని ఏమీ అనలేదు. అసలు అటు చూడనే లేదు. గురువులు నడుం దానంతటదే వంగింది, తువాలు చంకలోకి వెళ్లింది, మనిషి కుంచించుకుపోయాడు. ఎర్నమ్మ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఎవరూ తొయ్యకుండానే అతను వెళ్లి తుపాకిలో కూర్చున్నాడు. నూనె చుక్క కూడా అవసరం పడలేదు. దానియేలు బోల్టు మూసి, సైజు సరిపోయిందని చెప్పారు.

"మావా! ఇరుగ్గా ఉందేటి?" అని ఎర్నమ్మ గొట్టంలోకి అరిచింది.

"నేదే. అలవాటైన సోటు నాగే ఉంది," అని లోపలి నుంచి వినబడింది. ఆపైన ఎంతో వినయంగా, "నన్ను ఎటేపు ఎల్లమంటారు బాబూ?" అని అడిగింది గొంతు.

దొరగారు రసీదు మడిచి జేబులో పెట్టుకుని, పోలింగుకి ముందు రోజు కబురు పంపిస్తానన్నారు.