మంత్రిగారి కొలతలకు తగిన మందిరం

తూనికలు కొలతల శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం విలేకరులను పిలిపించి, ఇంతవరకూ ఏ మంత్రీ తలపెట్టని పని ఒకటి తాను తలకెత్తుకుంటున్నట్టు ప్రకటించారు. ఇన్నాళ్ళూ మతాలే మనుషులను తూకం వేస్తూ వచ్చాయనీ, ఇకనుంచి మనిషే మతాన్ని తూకం వేసే రోజులు వచ్చాయనీ, ఆ మంచిపని తనతోనే మొదలవుతుందనీ సెలవిచ్చారు.

"నా వ్యక్తిగత విలువలకు సరిపడే మతాన్ని నేను ఎంచుకుంటాను. పారదర్శకంగా ఎంచుకుంటాను. ఎన్నికల లోపే ఎంచుకుంటాను."

పీయే చప్పట్లు కొట్టాడు. కొట్టడం అతని ఉద్యోగంలో భాగం. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో అతనికి బాగా తెలుసు.

వెనక వరసలో కూర్చున్న ఒక విలేకరి చెయ్యెత్తాడు. "సార్, ఇంతకీ మీ వ్యక్తిగత విలువలు ఏమిటి?"

మంత్రిగారు పీయే వైపు చూశారు. పీయే ఫ్యాను వైపు చూశాడు.

"అది కమిటీ తేలుస్తుంది," అన్నారు మంత్రిగారు.

"కమిటీలో ఎవరున్నారు సార్?"

మంత్రిగారు మళ్ళీ పీయే వైపు చూశారు. ఆ విధంగా కమిటీ ఏర్పడిపోయింది.

ఇంత గొప్ప నిర్ణయానికి కారణం చాలా చిన్నది. మంత్రిగారు పుట్టినప్పటినుంచీ ఒకే చర్చికి వెళ్తున్నారు. వెళ్ళడమంటే ముందు వరసలో కూర్చుని, ఫొటోగ్రాఫరు పని పూర్తికాగానే లేచి రావడం. గత ఆదివారం ఫొటోగ్రాఫరు ఆలస్యంగా వచ్చాడు. ఆ పుణ్యాన మంత్రిగారు జీవితంలో మొదటిసారి ప్రసంగం చివరిదాకా వినవలసి వచ్చింది. ఆ రోజు పాస్టరుగారు ఎంచుకున్న విషయం తప్పుడు తూకాలు. పాపం ఆయన బజారులో త్రాసులవాళ్ళ గురించే మాట్లాడాడు. కానీ తూనికలు కొలతల మంత్రిని ఎదురుగా పెట్టుకుని ఆ మాటలనడం తన విలువల మీద దాడి అని మంత్రిగారికి స్పష్టంగా అర్థమైంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి పీయే చొక్కా విప్పుతూనే భార్యకు చెప్పాడు. "ఊళ్ళో ఉన్న మందిరాలన్నీ ఆయనకి చూపించాలట. ఆయనకి నచ్చింది ఆయన మతం."

"అన్నీనా?" అంది భార్య. చేతిలో కడుగుతున్న గిన్నె ఆగిపోయింది. "ఏమండీ, మనది కూడానా?"

"మనది నేను చూపిస్తానా? ప్రాణం పోయినా చూపించను."

వాళ్ళది ఊరి చివర, పాత అద్దకాల షెడ్డు పక్కన చిన్న పెంకుల మందిరం. అక్కడ పాటలుండవు, ప్రసంగాలుండవు, పాస్టరు ఉండడు. ఆదివారం ఉదయం అందరూ వచ్చి, బల్లల మీద ఎదురెదురుగా కూర్చుని, గంటసేపు మౌనంగా ఉంటారు. ఎవరికైనా చెప్పాల్సిన మాట నిజంగా లోపలినుంచి పుట్టుకొస్తే లేచి చెప్పవచ్చు. అప్పుడు మిగతావాళ్ళు అడ్డు తగలరు, బదులు చెప్పరు, మెచ్చుకోరు. చాలా ఆదివారాలు ఎవరికీ ఏమీ పుట్టదు. చివర్లో పెద్ద టీచరమ్మ, అంటే ఎప్పుడో రిటైరైపోయిన లెక్కల టీచరు, పక్కవాళ్ళకి చెయ్యి కలుపుతుంది. దాంతో అయిపోయినట్టు.

పీయే భార్య నీళ్ళ బోర్డులో ఫిర్యాదుల ఫోను దగ్గర పనిచేస్తుంది. వారమంతా నీళ్ళు రానివాళ్ళ చేత తిట్లు తింటుంది. పీయే వారమంతా మంత్రిగారి మాటలు వింటాడు. ఇద్దరికీ ఆ గంట లేకపోతే సోమవారం లేదు. దేవుడు ఆ గదిలోకి వస్తాడో రాడో పీయేకి ఖచ్చితంగా తెలియదు గానీ, మంత్రిగారు రారన్నది మాత్రం తెలుసు. ఆ ఒక్క కారణం చాలు అతనికి భక్తి కుదరడానికి.

మర్నాటినుంచి తనిఖీలు మొదలయ్యాయి. ముందు జీపు, వెనక కారు, దాని వెనక ఫొటోగ్రాఫరు.

మొదట రాతి గోడల పెద్ద చర్చి. అక్కడి పెద్దాయన మంత్రిగారికి ఎదురొచ్చి, తమ విశ్వాసానికి మూలం క్షమాగుణమని వివరించాడు.

"శత్రువుల్ని కూడా క్షమించాలా?" అడిగారు మంత్రిగారు.

"ముఖ్యంగా వాళ్ళనే క్షమించాలండి."

మంత్రిగారు కొంచెం ఆలోచించారు. "మంచి స్కీమే. ఎప్పటికప్పుడు పేర్లు నేను పంపిస్తాను, క్షమించే పని మీరు చూసుకోండి. నాకు టైముండదు."

అలా కుదరదని పెద్దాయన అన్నాడు. సర్వీసు సరిగా లేదని మంత్రిగారు తేల్చారు.

రెండోది రంగు దీపాలు, డ్రమ్ములు, పెద్ద తెర ఉన్న కొత్త హాలు. అది మంత్రిగారికి గుమ్మంలోనే నచ్చేసింది. లోపలికి వెళ్ళి చూస్తే తెర మీద ప్రసంగీకుడి మొహం మూడు నిలువుల ఎత్తు ఉంది. తన మొహం ఎక్కడ వేస్తారని మంత్రిగారు అడిగారు. అలా వెయ్యబోమని హాలువాళ్ళు చెప్పారు. ఇంతటి అహంకారం ఉన్నచోట ఆధ్యాత్మికత ఎలా నిలుస్తుందని ఆయన బాధపడుతూ బయటికొచ్చారు.

మూడోచోట, చేసిన తప్పులు చెప్పుకోవడానికి ఒక చెక్క గది ఉంది. మంత్రిగారు తలుపు తట్టి చూశారు, గట్టి కలపే.

"ఇందులో చెప్పింది ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదండి. పైన దేవుడికి తప్ప."

"అంటే హైకమాండుకి వెళ్తుందన్నమాట," అంటూ మంత్రిగారు చకచకా కారెక్కేశారు.

శనివారానికి ఊళ్ళో మందిరాలు దాదాపు అయిపోయాయి. క్రమశిక్షణ ఎక్కువని ఒకటి, మెట్లు ఎక్కువని ఒకటి, దానధర్మాల గురించి ఊరికే గుర్తు చేస్తున్నారని ఒకటి తిరస్కరించబడ్డాయి. మంత్రిగారి విలువలు ఏమిటో కమిటీకి ఇంకా తేలలేదు గానీ, ఏవి కావో మాత్రం బాగా తేలింది. మిగిలింది పెంకుల మందిరం ఒక్కటే. పీయే దాని ఊసెత్తలేదు.

ఆదివారం ఉదయం మంత్రిగారి ఇంటి ముందు అర్జీదార్లు చేరారు. ఇక్కడ మంత్రిగారి గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. ప్రజలంటే ఆయనకు ఎనలేని ప్రేమ. వాళ్ళు వేలల్లో ఉండాలి, దూరంగా ఉండాలి, కింద ఉండాలి. అదే మనిషి చేతిలో కాగితం పట్టుకుని దగ్గరికొస్తే మాత్రం ఆయనకు ఒళ్ళు జలదరిస్తుంది. అర్జీదార్లు ముందు గేటు దగ్గరుంటే ఆయన వెనక గేటులోంచి వెళ్తారు. వెనక గేటు దగ్గరా ఉంటే ఆ రోజు ఆయన ఊళ్ళో లేనట్టే.

ఆ రోజు వెనక గేటు ఖాళీగా ఉంది. కారు వెనక సందుల్లో పడి, చుట్టూ తిరిగి, పాత అద్దకాల షెడ్డు పక్కకి వచ్చింది. ముందు సీట్లో ఉన్న పీయే ఆపకుండా పోనివ్వమని డ్రైవరుకి సైగ చేశాడు.

"ఆపు ఆపు," అన్నారు మంత్రిగారు. కిటికీలు తెరిచి ఉన్నాయి. లోపల జనం బల్లల మీద కూర్చుని కదలకుండా ఉన్నారు. "ఏమిటయ్యా అది? మీటింగా?"

"ఏం లేదు సార్. ఊరికే కూర్చున్నారు."

"ఊరికే ఎందుకు కూర్చుంటారు? వక్త రాలేదు. పాపం ఎంతసేపటినుంచి ఎదురుచూస్తున్నారో!" వక్త రాని సభను చూస్తే మంత్రిగారి మనసు తట్టుకోలేదు. పీయే తలుపు తీసేలోపే ఆయన మందిరంలో ఉన్నారు.

నమస్కారం పెట్టి మొదలుపెట్టారు. తన బాల్యం గురించి, తన త్యాగాల గురించి, కిలోగ్రాము గొప్పతనం గురించి మాట్లాడారు. పెద్ద టీచరమ్మ కళ్ళు మూసుకుంది. తక్కినవాళ్ళూ మూసుకున్నారు. పీయే భార్య మాత్రం కళ్ళు తెరిచి గుమ్మంలో నిలబడ్డ మొగుడిని ఒక చూపు చూసింది. ఆ చూపుకి అతను సగమైపోయాడు.

ఒక్కరూ లేవలేదు. ఒక్కరూ దగ్గలేదు. రోడ్డు సంగతేమిటని ఒక్కరూ అడగలేదు. మాటలు అయిపోయాక కూడా ఎవరూ కదల్లేదు. మంత్రిగారి రాజకీయ జీవితంలో డబ్బివ్వకుండా ఇంత బుద్ధిగా కూర్చున్న జనం తగలడం అదే మొదలు. ఆయన కండువాతో కళ్ళొత్తుకున్నారు.

"ఇదయ్యా మతమంటే," అన్నారు కారెక్కుతూ. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు దీన్ని?"

మర్నాడు పత్రికల్లో వచ్చింది. మౌనమే తన వ్యక్తిగత విలువ అని మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన చేయడానికి ఆయనకు గంటన్నర పట్టింది.

తరవాతి ఆదివారానికి పెంకుల మందిరానికి మైకు వచ్చింది. ఆ పై వారం నాలుగు వైపులా స్పీకర్లు, గోడ నిండా మౌనముద్రలో మంత్రిగారి ఫ్లెక్సీ, ముందు వరసలో సోఫాలు. పార్టీ కార్యకర్తలకు ఒక్కసారిగా మౌనం మీద గురి కుదిరింది. "మౌనం వర్ధిల్లాలి!" అని అరుస్తూ లారీల్లో దిగారు. పాత సభ్యులు మొదట వెనక బల్లలకు, తరవాత వరండాలోకి, ఆ తరవాత గేటు బయటికి జరిగారు. పాసు లేకుండా లోపలికి ఎలా వస్తావని ఒక కార్యకర్త పెద్ద టీచరమ్మను అడిగాడు. ఆ గోడలకు ఆవిడ తన చేత్తో సున్నం వేసింది.

పీయే ఆవిడ ఇంటికి వెళ్ళి బతిమాలాడు. "టీచరమ్మగారూ, మీరు ఒక్క మాట అనండి. రావద్దని చెప్పండి. మీరంటే ఆయన ఏం చెయ్యలేరు."

"ఎవరినీ రావద్దనడం మన పద్ధతి కాదు బాబూ," అంది ఆవిడ. "ఆ పద్ధతే ఉంటే, మంత్రి దగ్గర పనిచేసేవాణ్ణి నిన్ను రానిచ్చేవాళ్ళమా?"

పీయే చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాడు.

ఇంట్లో భార్య మాట్లాడటం తగ్గించేసింది. ఒక రాత్రి అన్నం దగ్గర మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆ గంటలో నేను మనిషినవుతానండీ. ఫోన్లో ఎవరెవరో అన్న మాటలన్నీ దులుపుకుని వస్తాను. ఇప్పుడు ఆదివారం కూడా స్పీకరేనా?"

పీయేకి నిజంగానే ఏడుపొచ్చింది. తన గంట కూడా అందులోనే పోయింది మరి.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఫోన్లో ఫిర్యాదు రాసుకునే గొంతుతో అడిగింది. "ఆదివారం పొద్దున్న మంత్రిగారు ఎక్కడుంటారు?"

"మన మందిరంలో."

"ఆయన మనుషులు?"

"వాళ్ళూ అక్కడే. ఒక్కరు తప్పినా ఊరుకోరు."

"అయితే ఆ టైముకి ఊళ్ళో మనిషి అలికిడి లేని చోటు ఏది?"

పీయే నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మంత్రిగారి ఇంట్లో సందర్శకుల గది. ఆదివారాలు ఆయన ఉండరని తెలిసి అర్జీదార్లు కూడా రావడం మానేశారు. ఎదురెదురుగా బల్లలు. తాళంచెవి తన జేబులో.

ఆ ఆదివారం పాత సభ్యులు ఒక్కొక్కరే వచ్చి సందర్శకుల గదిలో కూర్చున్నారు. గేటు దగ్గర కాపలావాడు ఎవరినీ ఆపలేదు. ఆ గదిలో కూర్చున్నవాళ్ళను ఎవరూ పట్టించుకోకూడదన్నది అక్కడ పాతనుంచీ ఉన్న ఆచారం. టీచరమ్మ కళ్ళు మూసుకుంది. ఫైళ్ళ పని ఉందని మంత్రిగారికి చెప్పి ఆగిపోయిన పీయే తలుపు దగ్గరగా వేసి, భార్య పక్కన కూర్చున్నాడు. బయట ఎక్కడో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఆ చప్పుడు వినబడినందుకు అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో జేబులో ఫోను వణికింది. పీయే చప్పుడు కాకుండా వరండాలోకి వచ్చాడు.

"ఏమయ్యా," అన్నారు మంత్రిగారు. "మందిరంలో కరెంటు పోయింది, లేచి వచ్చేశాను. మైకు లేదు. జనరేటరువాడు రాలేదు. మైకు లేకపోయేసరికి మనవాళ్ళు గోలగోలగా మాట్లాడుకుంటున్నారు, ఒక్కడూ వినట్లేదు. అవునుగానీ, మనింట్లో ఎవరో జనం కూర్చున్నారట? కాపలావాడు ఫోను చేశాడు. కళ్ళు మూసుకుని, కిక్కురుమనకుండా కూర్చున్నారట!"

"అవును సార్."

"చూశావా, నేను లేకపోయినా నా కోసం! నేను సందు మలుపులోనే ఉన్నాను. రెండు నిమిషాల్లో వచ్చి మాట్లాడతాను."

వీధి చివర కారు ముక్కు కనబడింది. పీయే వెనక్కి తిరిగి, తలుపు సందులోంచి చూశాడు. భార్య మొహంలో చాలా వారాల తరవాత ముడతలు విడిపోయి ఉన్నాయి.

"రండి సార్," అన్నాడు పీయే. "వాళ్ళు అర్జీదార్లు."

 వీధి చివర కారు ఆగిపోయింది.

"ఎంతమంది?"

"గది నిండా ఉన్నారు సార్."

"ఏం కావాలట?"

"ఇప్పుడేం అడగట్లేదు సార్. మీరొస్తే అడుగుతారట."

కారు మెల్లగా వెనక్కి వెళ్ళింది. సందు ఇరుగ్గా ఉండటం వల్ల తిప్పుకోవడానికి కొంచెం కష్టపడింది.

"సరే, కాసేపు కూర్చోబెట్టు," మంత్రిగారు గొంతు తగ్గించారు. "నేను లోపలే ఉన్నానని చెప్పు. వచ్చే ఆదివారం కూడా వస్తారా?"

"ప్రతి ఆదివారం వస్తామంటున్నారు సార్."

"అయితే ఆదివారాలు నేను ఆ ఛాయలకి రాను. వాళ్ళని మాత్రం నిరుత్సాహపరచకు."

పీయే ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం పక్కన గోడకి 'మంత్రిగారు లోపల ఉన్నారు' అని ఒక వైపు, 'లేరు' అని రెండో వైపు రాసిన చెక్క పలక వేలాడుతోంది. దాన్ని 'లోపల ఉన్నారు' వైపు తిప్పి, లోపలికి వెళ్ళాడు. భార్య కళ్ళు తెరవకుండానే కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.