మెల్విన్‌కి అంటగట్టిన ఉల్లిపాయలు

నది మొగలో వైట్‌బైట్ దిగిందని తెలిశాక కూడా శనివారం పూట ఉల్లిపాయలు తరిగే మగాడు మన హోకిటికా ఊళ్ళో ఉంటాడా, మీరే చెప్పండి! ఆ చిట్టి చేపపిల్లల కోసం ఏడాదంతా వల తుడుచుకుంటూ బతికినవాణ్ణి నేను.

మా ఆవిడ రోవీనా వింటేగా. ఊరి ఫైర్ బ్రిగేడ్‌కి కొత్త నీళ్ళ గొట్టాలు కొనే డబ్బు కోసం హార్డ్‌వేర్ షాపు ముందు సాసేజ్‌లు కాల్చి అమ్మే దళానికి ఆవిడే సేనాధిపతి. ఎవరికి ఏ పనో తన డేటాబేస్‌లో పెడుతుంది. ఉల్లిపాయలు నాకు వేసింది.

"ఈ ఒక్క వారం మార్చు రోవీ."

"నువ్వు వెళ్ళకపోతే చేపలేం బెంగపెట్టుకోవు డెస్. సాసేజ్ మీద ఉల్లిపాయ లేకపోతే మాత్రం ఊరు ఊరుకోదు."

సరే, నేనే మారుద్దామనుకున్నాను. ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నాను కదా! నా ప్రోగ్రాముకి డేటాబేస్ భాష రాదు, దానికి నా ప్రోగ్రాము మొహం తెలీదు. మధ్యలో డ్రైవర్ లైబ్రరీ అని ఒకటి ఉంటుంది, అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్యలా. ఇటు మాట అటు చేరవేస్తుంది. దాన్ని దించుకున్నాను.

డేటాబేస్ పాస్‌వర్డ్ అడిగింది. నా పేరు కొట్టాను, కాదంది. పెళ్ళిరోజు కొట్టాను, కాదంది. మా కుక్క పేరు కొట్టగానే లోపలికి రానిచ్చింది. మనసు చివుక్కుమంది కానీ, బాధపడే తీరికేదీ?

'డెస్' తీసి 'మెల్విన్' పెట్టమన్నాను. మెల్విన్ మా పక్కింటాయన. ఆయన ఉల్లిపాయ తరగడం మొదలుపెడితే, పూర్తయ్యేలోగా అది మొలకెత్తుతుంది. మళ్ళీ అడిగి చూశాను. తెరమీద మెల్విన్! ఎగిరి గంతేసి, ల్యాప్‌టాప్ మూసేశాను.

శనివారం పొద్దున్నే నదికి పరిగెత్తాను. ఉల్లిపాయల బస్తా నా పికప్ బండిలోనే ఉందన్న సంగతి ఆ సంబరంలో గుర్తే లేదు. బకెట్ నిండుతోంది. ఇంతలో వెనక నుంచి, "డెస్!"

రోవీనా. చేతిలో పట్టకారు. వెనక మెల్విన్, ఆయన వెనక ఉత్త సాసేజ్‌లు పట్టుకున్న జనం.

"ఉల్లిపాయలేవీ?"

నేను తొణకలేదు. "ఇవాళ వంతు మెల్విన్‌ది. కావాలంటే చూసుకో."

"నాదా?" అన్నాడు మెల్విన్, జీవితంలో మొదటిసారి వేగంగా.

రోవీనా ఫోన్ చూపించింది. ఉల్లిపాయలు: డెస్.

"అదెలా! మొన్న నేనే స్వయంగా మార్చి, కళ్ళారా చూసుకుంటేనూ!"

అన్నాక నాలిక కరుచుకున్నాను.

"కమిట్ చేశావా?" అంది రోవీనా, తాపీగా.

"అంటే?"

"మార్పు ఖాయం చెయ్యమని చివర్లో చెప్పాలి మహానుభావా. అందాకా అది నీ ఒక్కడికే కనిపిస్తుంది. చెప్పకుండా మూసేస్తే మొత్తం మాయం. ఇదే పని చేసి జీతం తెచ్చే పెళ్ళాం ఇంట్లోనే ఉందిగా, ఒక్క మాట అడగలేకపోయావా?"

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నా బకెట్ దుకాణానికి తరలిపోయింది. గుడ్లు కొట్టి చేపల అట్లు పోస్తే ఎగబడి తిన్నారు. నేను పక్కనే ఏడుస్తూ కూర్చున్నాను. చేతిలో ఉల్లిపాయలున్నాయి కాబట్టి పరువు దక్కింది.

సాయంత్రం రోవీనా టకటకా ఏదో కొట్టింది. "చేపల సీజన్ అయ్యేదాకా ప్రతి శనివారం ఉల్లిపాయలు నీవే. నేను కమిట్ కూడా చేశాను. పాస్‌వర్డ్ మార్చేశాను."

"ఈసారైనా నా పేరు పెట్టావా?" ఆశగా అడిగాను.

"మన పిల్లి పేరు పెట్టాను."

"మనకి పిల్లి లేదుగా!"

"అందుకే," అంది.