సబ్బు లేని సొంత డబ్బా

"ఈ భూగోళాన్ని కాపాడే బాధ్యత ఇకనుంచి మన సబ్బుదే!"

అలా అని సబ్బులావిడ ఓ మంగళవారం ఉదయం పదకొండు గంటలకు తన వర్క్‌షాపులో ప్రకటించింది. వర్క్‌షాపంటే ఏదో ఊహించుకునేరు! కారు అమ్మేశాక ఖాళీ అయిన రేకుల షెడ్డు. రెండు స్టీలు గంగాళాలు, ఓ కాటా, గోడవారగా చెక్క అచ్చులు. సిబ్బంది అంటే పిన్ని. ప్రకటన విన్న సిబ్బంది గరిటె తిప్పడం కూడా ఆపలేదు.

"అలాగేలేవే. ముందా కిటికీ తెరు. సోడా ఘాటుకి కళ్లు మండిపోతున్నాయి."

ఆరేళ్లుగా వాళ్లిద్దరూ కొబ్బరినూనెతో సబ్బులు కాచి, తీగతో కోసి, ఆరబెట్టి అమ్ముతున్నారు. కాగితం లేదు, కవరు లేదు. వీధిలో వాళ్లు సంచులు తెచ్చుకునేవారు. ఎదురుగా ఉన్న సెలూన్ ఆయన వారానికోసారి టిఫిన్ డబ్బాతో వచ్చి పది సబ్బులు పట్టుకెళ్లేవాడు. ప్యాకింగ్ ఎందుకు లేదంటే, దానికి పెట్టే స్తోమత లేక! అంతకుమించి అందులో ఏ ఆదర్శమూ లేదు.

ఉందని చెప్పినవాడు వ్యాపారం పెంచుతానంటూ వచ్చిన ఓ సలహాదారు. ఏ మాటా స్లైడు వెయ్యకుండా చెప్పలేడు కనక పిన్ని అతనికి స్లైడుబాబు అని పేరు పెట్టింది. "మేడమ్, మీరు చేస్తున్నది జీరో వేస్ట్!" అని అతను మొదటిసారి అన్నప్పుడు సబ్బులావిడ హడలిపోయింది. ఏం తప్పు చేశానా అనుకుంది. అది పొగడ్త అని తెలిశాక వెన్నలా కరిగిపోయింది.

"వర్ధమాన దేశాల సౌందర్య సాధనాల వ్యాపారాలకి ఆవిష్కరణల పోటీ ఉంది మేడమ్. గెలిస్తే నలభై పెద్ద స్టోర్లలో మీ సరుకు! మీకు అన్నీ ఉన్నాయి, కథ ఒక్కటే లేదు."

"సబ్బుకి కథేమిటి బాబూ? నూనె పోస్తాం, కలుపుతాం, కోస్తాం."

"ఆ మాట బయట ఎక్కడా అనకండి! ప్యాకింగ్ లేదన్న సంగతి జనానికి తెలియాలా, వద్దా?"

"తెలియాలి."

"మరి ఆ సంగతి ఎక్కడ రాస్తాం?"

సబ్బులావిడ సబ్బు వైపు చూసింది, గోడ వైపు చూసింది.

"డబ్బా మీద!" అన్నాడు స్లైడుబాబు.

అలా డబ్బా వచ్చింది. మూతమీద బంగారు అక్షరాలతో 'ఈ సబ్బుకు ప్యాకింగ్ లేదు' అని అచ్చయింది. డబ్బా మూలలు నలగకుండా దానికి ఇంకో డబ్బా. లోపల నూలు సంచి. సంచి చుట్టూ మెత్తగా ఎండుగడ్డి. గడ్డి కింద మట్టిలో పాతితే మొక్క వచ్చే కాగితం. దాని కింద కాగితం ఎలా ఆదా చెయ్యాలో వివరించే ఇరవైనాలుగు పేజీల పుస్తకం. రెండు వేళ్ల వెడల్పు సబ్బుకి చెప్పుల జత పట్టేంత డబ్బా! చూసినప్పుడు ఆవిడకి లోపలెక్కడో చురుక్కుమంది. కానీ ఏం చేస్తుంది, డబ్బా మరీ బాగుంది!

తనూ ఊరుకోలేదు. బీరువానిండా ఉన్న మంచి బట్టలు మూటగట్టి అటకెక్కించి, పర్యావరణం కోసం ఆరు జతల ముతక నూలు బట్టలు కొత్తగా కొనుక్కుంది. విజిటింగు కార్డుమీద 'ఫౌండర్' అని వేయించుకుంది.

పిన్నిని గంగాళం దగ్గర్నుంచి లేపి గడ్డి సర్దడానికి కూర్చోబెట్టారు. మూడు వారాలు పొయ్యి వెలగలేదు. సెలూన్ ఆయన టిఫిన్ డబ్బా పుచ్చుకుని వచ్చాడు.

"అమ్మా, పది సబ్బులు."

"పిన్ని ఇప్పుడే ఉన్న నాలుగూ అమ్మేసింది అన్నా. స్టాకు లేదు."

"మరి ఆ గుట్ట?"

"అవి డబ్బాలు."

"డబ్బాల్లో?"

"...గడ్డి."

ఆయన ఆవిణ్ణి ఓసారి ఎగాదిగా చూసి, మర్యాదస్తుడు గనక 'మళ్లీ వస్తానమ్మా' అని వెళ్లిపోయాడు.

పోటీ రోజు. పెద్ద హాలు. వేదికమీద అయిదుగురు న్యాయనిర్ణేతలు. మధ్యలో తెల్లజుట్టు అధ్యక్షురాలు. ఆవిడ మూత తీసింది, రెండో మూత తీసింది. గడ్డి తప్పించింది. హాలు ఊపిరి బిగబట్టింది. సంచి ముడి విప్పి చెయ్యి పెట్టింది. ఇంకాస్త లోపలికి పెట్టింది. తీసి బోర్లించింది. రెండు గడ్డిపోచలు రాలాయి!

సబ్బులావిడ గబగబా వేదిక అంచుకి వచ్చింది. ముందు వరసలో కూర్చున్న పిన్ని మీదికి వంగి, "సబ్బేది పిన్నీ?" అంది గొంతులోనే.

"గడ్డి పెట్టమన్నావు, పెట్టాను. పుస్తకం పెట్టమన్నావు, పెట్టాను. సబ్బు పెట్టమని ఎవరన్నారే?"

గడ్డి పెట్టడమంటే ఇదే అనుకుంది సబ్బులావిడ. 'క్షమించండి, మర్చిపోయాం' అనే మాట గొంతుదాకా వచ్చింది. కళ్లముందుకి నలభై స్టోర్లూ వచ్చాయి. నోరు మాత్రం తన దారిన తను పోయింది.

"ఇదే మా ఆవిష్కరణ! నురగ ఉండదు. నీళ్లు పాడవవు. అసలు నీళ్లే అక్కర్లేదు!"

ముందు స్లైడుబాబు లేచి కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టాడు. హాలంతా లేచింది.

"ఎంత స్వచ్ఛమైన పరిమళం!" అంది అధ్యక్షురాలు ఖాళీ సంచి ముక్కుకి ఆనించుకుని.

"ఒకసారి కొంటే జన్మలో అరగదు!" అన్నాడు పక్కాయన.

మొదటి బహుమతి! స్టోర్లవాళ్లు పదివేల డబ్బాలకి అక్కడికక్కడే ఆర్డరు రాసి, చెవిలో ఓ మాట కూడా వేశారు: "సబ్బు మాత్రం పెట్టకండి మేడమ్, కాన్సెప్టు పాడైపోతుంది."

సాయంత్రం ఇంటికొచ్చాక పిన్ని అడిగింది. "ఇహ నా గంగాళాలు ఏం చెయ్యమంటావే?"

"కడిగి బోర్లించు పిన్నీ."

"దేంతో కడగను?"

సబ్బులావిడ ఇల్లంతా వెతికింది. స్నానాలగదిలో అరిగిపోయిన ముక్క కూడా లేదు. పొద్దున వేదిక కోసం పూసిన రంగు మొహంమీద అట్టకట్టి కూర్చుంది. నవ్వితే పెచ్చులూడుతోంది. వీధి కొట్టుకి వెళదామంటే అందరూ ఎరిగినవాళ్లే. తలమీదుగా కండువా కప్పుకుని, బస్సెక్కి, పోటీ జరిగిన హాలు వెనక సందులో ఉన్న కొట్టుకి వెళ్లింది. దారిపొడుగునా తన అవతారానికి తనకే నవ్వొచ్చింది. ఆరేళ్లు సబ్బు కాచినదాన్ని సబ్బు కొనుక్కోవడానికి దొంగలా వెళుతున్నాను!

"ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఉంటుందే, గుప్పున వాసనొచ్చేది, అది ఒకటి ఇవ్వు బాబూ."

"అయిపోయిందమ్మా. ఉన్న డజనూ ఈవిడ తీసుకున్నారు."

పక్కన నల్లకళ్లద్దాల ఆవిడ తల తిప్పింది. తెల్లజుట్టు. అధ్యక్షురాలు! కళ్లూ కళ్లూ కలిశాయి. ఇద్దరూ కాసేపు పైకప్పు పరిశీలించారు.

"మా పనావిడకి," అంది అధ్యక్షురాలు.

"మాకు... గంగాళానికి," అంది సబ్బులావిడ.

అధ్యక్షురాలు ఆరు సబ్బులు లెక్కపెట్టి ఆవిడ వైపు జరిపింది.

"కవరు ఇవ్వనా అమ్మా?" అన్నాడు కొట్టతను.

ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"ఇవ్వు బాబూ. నల్లది!"