గవిరయ్య కూతకి ముప్పై నాలుగు మార్కులు

“‘నన్నెవరైనా అమ్మా అని పిలిస్తే, వెనకాల ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూస్తాను.’ ఇది నువ్వు రాసిన జవాబేనా?”

ఒక పెద్ద అడవిలో, పంచాయితీ ఆఫీసు కిటికీ దగ్గర, ఉడుము గుమస్తా ఫోన్లో చూసి గట్టిగా చదువుతున్నాడు. లైన్లో ఉన్న కుందేళ్లూ పందులూ చెవులు రిక్కించుకుని వింటున్నాయి. కిటికీకి ఇవతల నిలబడ్డ అడవికోడి తల దించుకున్నాడు.

“రాసింది నేనే. కానీ మీకు రాయలేదండి.”

ఆ కోడికి పుట్టినప్పుడు పెట్టిన పేరు గవిరమ్మ. తను మాత్రం గవిరయ్యనంటాడు. అందరూ కోడిపెట్టే అన్నారు, తనకే ఎక్కడో సరిపోలేదు. చిన్నప్పట్నుంచీ ఒకటే కోరిక: తెల్లారగట్ట కూతబండ ఎక్కి, అడవంతా వినపడేలా ఒక్కసారి కూయాలి. ఆ బండ పుంజులది. అందుకని ఇన్నాళ్లూ చెట్టు తొర్రలో తలపెట్టి కూసుకున్నాడు. తొర్రలో ఉండే బల్లికి చెవుడొచ్చింది గానీ సంగతి బయటికి పొక్కలేదు.

మొన్న గుట్ట మీద, సిగ్నలున్న చోట, ఫోన్లో ఒక ప్రశ్నల పేజీ దొరికింది. పక్కడవిలో తనలాంటివాళ్లే ఎవరో పెట్టారు. పన్నెండు ప్రశ్నలు. ఏ పేరుతో పిలిస్తే నీకు హాయిగా ఉంటుంది, ఎవరూ చూడనప్పుడు ఎలా నడుస్తావు, అలాంటివి. అడుగున రాసుంది: ఇది పరీక్ష కాదు, తప్పొప్పుల్లేవు, తొందర లేదు. గవిరయ్య ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రాశాడు. రాశాక కాసేపు ఏడ్చాడు. తర్వాత విపరీతంగా ఆకలేసి, పుట్ట దగ్గర చెదపురుగుల్ని ఒక్కటి మిగల్చకుండా తినేశాడు.

ఆ సంతోషంలో చిలకకి చూపించాడు. సాయంత్రానికి ఆఫీసుకి తెలిసిపోయింది.

ఉడుముకి ఒకటే తెలుసు. ప్రశ్నలంటే మార్కులు, మార్కులంటే పాసూ ఫెయిలూ. సర్పంచి ఎలుగుబంటి నిద్రమత్తులో ఉండగా సంతకం పెట్టించి, ఆ పన్నెండు ప్రశ్నలకీ వంద మార్కులన్నాడు, ముప్పై అయిదొస్తే పాసన్నాడు. పాసైతే పుంజు సర్టిఫికెట్టు. అది లేకుండా బండెక్కకూడదు.

గవిరయ్యకి ముప్పై నాలుగొచ్చాయి.

“ఆ ఒక్క మార్కూ ఎక్కడ పోయిందండి?”

“పదకొండో ప్రశ్నకి ‘ఇంకా ఆలోచిస్తున్నాను’ అని రాశావు. పుంజన్నవాడు ఆలోచించడమ్మా. ఆర్నెల్లకి సప్లిమెంటరీ ఉంది, రా.”

గవిరయ్య అలవాటుగా వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ నిజంగానే ఒక ముసలి పంది ఉంది. నన్నేనా బాబూ, అంది.

అప్పుడు లైన్లోంచి ముళ్లపంది ఒక మాట అడిగింది. రోజూ ఆ బండ మీద కూసే బంగారయ్య పుంజుకి సర్టిఫికెట్టుందా అని. ఉడుము రిజిస్టరంతా వెతికాడు, లేదు. కానీ పట్టింది వదిలితే ఉడుమెందుకవుతాడు? పుంజులందరికీ పరీక్ష పెట్టాడు.

బంగారయ్య మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు. నువ్వెవరో నీకు ఎప్పుడు తెలిసింది? గంటసేపు కలం నమిలి, “తోక కనపట్టంలా?” అని రాశాడు. మిగతా పుంజులు అది చూసి కాపీ కొట్టారు. అందరికీ సున్నా. సరదాకి రాసిన సర్పంచికి తొమ్మిదొచ్చాయి. అప్పట్నుంచీ గుహలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు, తేనె కూడా ముట్టడం లేదట.

మర్నాడు కూసే అర్హత ఒక్కళ్లకీ లేదు. పొద్దెక్కింది. కూత పడలేదు గనక రూలు ప్రకారం తెల్లారలేదు. జింకలు మేతకి లేవలేదు. ఆఫీసు తెరవలేదు. కూత పడితేగానీ డ్యూటీ దిగని కాపలా గుడ్లగూబ, మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్లు చికిలించుకుంటూ కొమ్మ మీదే ఉంది. ఇక ఓపిక లేక గవిరయ్య దగ్గరికి తడుముకుంటూ వచ్చింది.

“గవిరయ్య బాబూ, కళ్లు మండిపోతున్నాయి. నీకు పుణ్యముంటుంది, కూసెయ్.”

ఆ పేరుతో తనని ఇంకొకళ్లు పిలవడం అదే మొదలు. గవిరయ్య బండెక్కాడు. మొదటి కూత జీరగా వచ్చింది. రెండోది అడవి ఆ చివరిదాకా పోయింది. జింకలు లేచాయి. గుడ్లగూబ ఇంటికెళ్లి పడుకుంది.

ఉడుము ఆఫీసు తెరిచి ముందుగా నోటీసు అంటించాడు: సర్టిఫికెట్టు లేని కూత చెల్లదు, కాబట్టి తెల్లారినట్టు కాదు. గవిరయ్య రోజూ కూస్తూనే ఉన్నాడు, అడవి రోజూ లేస్తూనే ఉంది. ఆఫీసులో మాత్రం ఇంకా ఆ పాత తేదీయే. వచ్చేవారం రిటైర్ కావాల్సిన ఉడుముకి ఆ వారం ఇప్పటికీ రాలేదు.

నీతి: నీకోసం నువ్వు రాసుకున్నది ఆఫీసు కంట పడనివ్వకు, మార్కులేస్తారు.

సరే గానీ, మీరెవరో మీకెలా తెలిసింది, ఎవరిచేత సంతకం పెట్టించుకున్నారు?