కల్యాణికి అరగంట

ఆదివారం పదిన్నరకు నాంపల్లిలో కచేరీ. మల్లేశ్వరరావుగారు ఇస్త్రీ పంచె కట్టుకుని, గిటారు పెట్టెతో తొమ్మిదిన్నరకే అబిడ్స్‌లో ఆటో ఎక్కారు. స్టీలు గిటారు మీద కర్ణాటక రాగాలు పలికించిన మొదటి మనిషి తానేనని ఆయన నమ్మకం. రెండోవాడు ఇంతవరకూ రాలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

"ఈసారి పాతికమందైనా రాకపోతే వచ్చే ఏడాది మీకు కచేరీ లేదండీ" అని సభ కార్యదర్శి తాతారావు నిన్ననే చెప్పేశాడు. ఆ దిగులుతోనే ఆయన ఆటోలోంచే మృదంగం విద్యాసాగర్‌కి ఫోన్ చేశారు.

"కంగారు పడకయ్యా, స్టీలు కడ్డీ నా జేబులోనే ఉంది. ముందు మోహనను పావుగంట వాయిస్తా. తర్వాత కల్యాణిని పట్టుకుంటే అరగంట వదిలేది లేదు. నువ్వు పక్కనుంచి కొడుతూ ఉండు. టైముంటే భైరవి సంగతీ చూద్దాం."

ఆటో నడిపే విజయేందర్‌కు ముగ్గురు అక్కలు. అతనికి గుండె ఝల్లుమంది.

"పెద్దాయనా, గా కల్యాణి ఏం జేసింది?"

"ఎంత వాయించినా తనివి తీరదయ్యా!"

ఆటో సరాసరి పోలీసు స్టేషన్ ముందు ఆగింది. "మేడమ్, జర జల్ది రాండ్రి! ముగ్గురు ఆడోళ్లను కడ్డీతోని వాయిస్తడంట!"

ఎస్సై వైశాలి కడ్డీని బల్ల మీద పెట్టించింది. "కల్యాణి మీకేమైతది?"

"నా ప్రాణం తల్లీ. యాభై ఏళ్ల బంధం."

"మరి వాయించుడేంది?"

"రోజూ పొద్దున్నే వాయించకపోతే చేతికి వంగదమ్మా!"

కానిస్టేబుల్ ఒకడు సంకెళ్లు వెతకసాగాడు. అప్పటికి వెలిగింది ఆయనకు. పెట్టె తెరిచి, గిటారును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తీగల మీద కడ్డీ జరిపారు. కల్యాణి అచ్చం గొంతెత్తి పాడినట్టే పలికింది. పక్క గదిలో గోడ తగాదాతో వచ్చి అరుచుకుంటున్న రెండు కుటుంబాలూ నోళ్లు మూసుకుని గుమ్మంలోకి వచ్చాయి. విజయేందర్ కళ్లు తుడుచుకున్నాడు.

"అయ్యో, పదింబావు!" అంటూ ఆయన లేచారు.

"మా వల్లనే లేటైంది, తాతా. జీపు తీయుండ్రి!" అంది వైశాలి. "మిగతాది గాడనే వింటం."

సభలో పదకొండుమందే ఉన్నారు. ఖాళీ కుర్చీలు చూసి మల్లేశ్వరరావుగారి మనసు చివుక్కుమంది. అంతలో జీపూ ఆటోలూ ఆగాయి. ఎస్సై, కానిస్టేబుళ్లు, గోడ తగాదా వాళ్లంతా పిల్లాపాపలతో దిగి, ముందు వరుసలన్నీ నింపేశారు. తాతారావు వణుకుతూ లెక్కపెట్టి, వచ్చే ఏడాదికి ఆయన పేరు అక్కడికక్కడే రాసేశాడు.

ఆ రోజు కచేరీ మధ్యలో ఒక్కరూ లేచి వెళ్లలేదు. ముందు వరుసలో పోలీసులు కూర్చుంటే ఎవరు మాత్రం లేస్తారు?